అవ్వ లారీని ఆపిన రోజు

మొన్న మహదేవపురలో మా అపార్టుమెంటుకు ఎవరో బట్టల మూట తెప్పించారు. దాని గోనె కోయగానే గంజీ, జనపనారా, దుమ్మూ కలిసిన వాసన లిఫ్టు దాకా అల్లుకుని, నగర్తపేటలోని మా పాత సందును కళ్ల ముందుకు తెచ్చింది.

అది ఏటవాలు సందు. ఉగాది ముందు, కానుగ పూలు రాలే ఎండల్లో, గోనె చుట్టిన బట్టల బేళ్లతో లారీలు వరసగా వచ్చేవి. మేం పిల్లలం దించిన బేళ్ల మీంచి దూకుతూ ఆడుకునేవాళ్లం. ప్రతి ఇంట్లోంచీ ఒబ్బట్ల కోసం ఉడికే కందిబేడల వాసన, బెల్లం వాసన వచ్చేవి. మా తాత హమాలీ. బేలు ఎత్తుకునే ముందు తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకోవడం ఆయన అలవాటు. అవ్వ సందు మొదట్లో హమాలీలకు రాగిముద్ద, ఉలవచారు వండిపెట్టేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక డ్రైవరు చక్రాల కింద రాళ్లు పెట్టకుండా టీ తాగడానికి వెళ్లాడు. బేళ్లు దించుతుండగా లారీ వెనక్కి జారింది. తాత కాలు దానికీ గోదాము స్తంభానికీ మధ్య నలిగిపోయింది. ఆసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. "చూసుకోవద్దా?" అన్నాడు గోదాము సేటు, తప్పంతా తాతదే అన్నట్టు.

తాతను ఇంటికి తెచ్చిన మర్నాడు అవ్వ పొయ్యి వెలిగించలేదు. కొంగు నడుమున దోపుకుని గోదాముకు నడిచింది. నేను వెంట పరుగెత్తాను. అప్పుడే ఒక లారీ ఆగి ఉంది, తాళ్లు విప్పబోతున్నారు.

"ఏమప్పా డ్రైవరూ, కిందికి దిగు. చక్రాలన్నిటికీ రాళ్లు పెట్టు. బండి బీగంచెవి నా చేతికియ్యి. బేళ్లన్నీ దిగినాంకనే ఇస్తా."

అని అవ్వ గోదాము ముందు అడ్డంగా కూర్చుంది. సేటు గడప మీదికొచ్చాడు. "అడ్డం తప్పుకోమ్మా. సరుకు ఎండలో ఉండాది."

"ఉండనీప్పా. ఎండకు బట్ట సావదు."

"వేరే హమాలీలను పిలిపిస్తా."

"పిలిపించు. వాళ్లకూ ఇదే చెప్తా."

హమాలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరిలో పెద్దవాడు చేతిలోని తాడు వదిలేసి అవ్వ పక్కన కూర్చున్నాడు. అతని వెనకే మిగతావాళ్లూ కూర్చున్నారు. భయంతో నేను అవ్వ చీర పట్టుకున్నాను. అవ్వ మాత్రం కదల్లేదు. మధ్యాహ్నం దాటాక డ్రైవరే విసుక్కుంటూ దిగి, రాళ్లు మోసుకొచ్చి, బండి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. సేటు లోపలికి వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ఆ సందులో అదే పద్ధతి అయింది.

ఇప్పుడు అక్కడ గోదాము లేదు, కానుగ చెట్టు లేదు, తాతా అవ్వా లేరు. ఆనాటి హమాలీల్లో ముగ్గురే మిగిలారు. పోయిన వారం వెళ్లి చూసొచ్చాను. ముగ్గురూ ముసలివాళ్లు, చెవులు సరిగా వినబడవు. నన్ను సాగనంపడానికి మాత్రం వీధి చివరి దాకా తమ రెండు కాళ్ల మీద నడిచి వచ్చారు.