ఖాళీ గడిలో బామ్మర్ది

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పెద్ద గుమాస్తా చేతికి ఏనాడూ గ్రీజు అంటింది లేదు. అయినా మెకానిక్కులందరూ ఆయనంటే హడలిపోయేవాళ్లు. ఎవరు ఎప్పుడు ఏ పని చెయ్యాలో కంప్యూటర్లో మూసలు కట్టి పెట్టింది ఆయనే. ఫలానా భవనంలో లిఫ్టు ఆగిందని ఫోనొస్తే చాలు, మూసలోని ఖాళీ గళ్లు వాటంతటవే నిండి, భవనం పేరుతో సహా పని తయారై, ఆ వీధి మెకానిక్కు ఫోనులో మోగేది.

"మూసలో మనుషుల పేర్లు రాయకూడదయ్యా. 'ఆ వీధి మెకానిక్కు' అని గడి వదలాలి. మనిషి పోతాడు, గడి ఉంటుంది" అని కొత్తవాళ్లకి పాఠం చెప్పేవాడు. మనిషి పోతాడన్నప్పుడు ఆయన మొహం వెలిగేది.

మూసలన్నిటిలోకీ ఆయన ముద్దుబిడ్డ, ఉద్యోగం పీకే మూస. తాళాలు లాక్కోవడం, సొరుగు ఖాళీ చెయ్యడం, గేటు దాటించడం, చివర్న ఆ కుర్చీలో కూర్చోవడం. ఇవన్నీ 'వెళ్లే మనిషి కింద పనిచేసేవాడి'కి పడేలా పెట్టాడు. వెళ్లే మనిషికి మాత్రం ఏదీ కనపడదు.

"పైవాడైతే మొహమాటపడతాడు సార్. కిందవాడికి కుర్చీ మీద కన్నుంటుంది, చెయ్యి వణకదు" అంటే మేనేజర్ పడీపడీ నవ్వాడు.

"మధ్యలో ఎవరైనా కాళ్లావేళ్లా పడితే?"

"మొదలయ్యాక ఆపే మీట పెట్టలేదు సార్. మీక్కూడా."

విడిభాగాల స్టోరు చూసే ముసలాయన వంతు వచ్చినప్పుడు, ఆయన భోజనం ముందు కూర్చుని ఉండగానే అసిస్టెంటు వచ్చి నడుముకున్న తాళాలు విప్పుకున్నాడు. "తిననివ్వరా నాయనా" అన్నాడు ముసలాయన. పెద్ద గుమాస్తా ఆ మాటను ఇంటికెళ్లి గొంతు మార్చి మరీ భార్యకు వినిపించాడు.

ఆయనకొక ధీమా ఉండేది. తన కింద ఎవరూ లేరు. తన పేరు ఎవరైనా ఆ మూసలో వేసినా, పని ఎవరికివ్వాలో తెలీక గడి ఖాళీగా ఉండిపోతుంది. అది నిండేదాకా మూస కదలదు. అందుకే మేనేజర్ సహాయకుణ్ణి ఇస్తానన్నప్పుడల్లా "నేనొక్కణ్ణే చాలు సార్" అని వినయం ఒలకబోసేవాడు.

చివరికి ఇంట్లో దెబ్బ తిన్నాడు. "ఊళ్లో అందరికీ పని పంచుతారు, నా తమ్ముడికి మీ ఆఫీసులో ఒక ముక్కాలిపీట దొరకదా?" అని భార్య పోరు పెట్టింది. బామ్మర్ది ఒట్టి సోమరి, పైగా నోటి దురుసు. వాణ్ణి రోజూ నలుగురి ముందూ చీవాట్లు పెట్టొచ్చన్న ఆలోచన రాగానే ఆయన మెత్తబడ్డాడు. ఇంటివాడేగా, నా మీదికొస్తాడా అనుకున్నాడు.

వాడు చేరిన పూట, కంప్యూటర్లో ఉద్యోగుల జాబితా తెరిచి, తన పేరు కింద వాడి పేరు తనే టైపు చేశాడు.

ఎదురుగా కూర్చున్న బామ్మర్ది ఫోను మోగింది.

"అప్పుడే పనా బావా! కుర్చీ వేడెక్కనివ్వరా మీవాళ్లు?"

"చదువు, మొద్దూ."

వాడు చదవబోయి ఆగాడు. "ఇందులో నీ పేరుంది. నీ తాళాలు తీసుకోమంటోంది. పరాచికమా?"

పెద్ద గుమాస్తా మేనేజర్ గదిలోకి పరుగెత్తాడు. మేనేజర్ కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"ఓ, అదా! పోయినేడాది మీ మీద కోపమొచ్చి మొదలుపెట్టాను. కదల్లేదు. నేనూ మర్చిపోయాను."

"ఆ కోపం ఇంకా ఉందా సార్?"

"ఎక్కడిది? ఎందుకొచ్చిందో కూడా గుర్తులేదు."

"మరైతే ఆపండి సార్."

"ఎక్కడ నొక్కాలి?"

పెద్ద గుమాస్తా వంగి తెరమీద వెతకబోయి, ఆ మీట పెట్టనిది తనేనని గుర్తొచ్చి నిటారుగా లేచాడు.

"పోనీ లెండి, మీవాడున్నాడుగా. జీతం కూడా తక్కువ" అని మేనేజర్ మళ్లీ తన కాగితాల్లో పడిపోయాడు.

తిరిగొచ్చేసరికి, పుట్టి బుద్ధెరిగాక పని ముట్టని బామ్మర్ది సొరుగు ఖాళీ చేస్తున్నాడు.

"అక్కకి ఏం చెప్పను బావా?" అన్నాడు, తలెత్తకుండా.

"ముందు పని చూడు."

"తాళాలిలా ఇవ్వు మరి."

ఇచ్చాడు.

"అయిపోయిందని ఎక్కడ నొక్కాలి?"

పెద్ద గుమాస్తా వంగి, వేలు పెట్టి చూపించాడు. వాడు నొక్కాడు. వెంటనే ఫోను మళ్లీ మోగింది.

"గేటు దాటించాలట. పద."

"డబ్బాలో భోజనం అలాగే ఉందిరా."

"గేటవతల తిందువుగానిలే బావా" అంటూ వాడు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.