గంజి పెట్టిన రెక్క

సిటీ బస్సులో ఏళ్ల తరబడి నిలబడ్డవాడికి కదలని నేల మీద నిలబడటం ఇబ్బందిగా ఉంటుంది. మన కండక్టరు ఇంట్లో పళ్లు తోముకుంటున్నా సరే, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకునేవాడు. మనిషి బాగా పొడుగు. బస్సు పైకప్పుకి తల తగలకుండా మెడ వంచి వంచి, ఆరుబయట కూడా వంచుకునే నడిచేవాడు. చూసినవాళ్లు వినయం అనుకునేవారు.

అతని బస్సు ఊరి చివర గడ్డి కొండ కింద ఆగి, కాసేపు విశ్రాంతి తీసుకుని వెనక్కి తిరిగేది. ఆ విరామంలో డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసేవాడు. కండక్టరు టీ గ్లాసు పట్టుకుని కొండవైపు చూసేవాడు. కొండ మీంచి రంగురంగుల గుడ్డ రెక్కల కింద మనుషులు తీరిగ్గా తేలుతూ దిగుతుండేవారు. ఎగరడం అతనికి గొప్పగా అనిపించలేదు. వాళ్లు కూర్చుని ఎగురుతున్నారన్నదే అతన్ని పట్టుకుంది.

"చూశావా, కూర్చునే వస్తున్నారు. పైగా పక్కన ఎవడూ లేడు, కాలు తొక్కేవాడు లేడు," అన్నాడు డ్రైవరుతో.

"దిగాల్సిన చోట దిగకపోతే ఏం చేస్తారట?" అని డ్రైవరు కళ్లు తెరవకుండానే అడిగాడు.

తర్వాతి సెలవు రోజున కండక్టరు కొండెక్కాడు. అక్కడ పారాగ్లైడింగ్ నేర్పేది ఒకావిడ. పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ముక్కు పైకెత్తి గాలి వాసన చూసి, ఆపేసిన మాట దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేది. అందరూ ఆవిణ్ణి గాలి మేడం అనేవారు.

"ఎగరడం చివర్లో. ముందు నేల మీద రెక్కతో స్నేహం చెయ్యాలి," అందామె.

పరిచిన రెక్కకి ముందు అంచున వరసగా నోళ్లుంటాయి. గాలి ఆ నోళ్లలోంచి దూరి లోపలి గదుల్ని నింపితే, అప్పటిదాకా దుప్పటిలా పడున్న గుడ్డ రెక్క అయి నెత్తి మీదికి లేస్తుంది. కండక్టరు రెక్క దారాల చివరనుండే పట్టీలు పట్టుకుని లాగాడు. సగం గదులు నిండాయి, మిగతా సగం ముడుచుకునే ఉన్నాయి.

"జరగండి, లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ ఉంది," అని గాలిని గదమాయించాడు.

గాలి మేడం నవ్వాపుకోలేక అటు తిరిగింది. రెక్క మాత్రం నిండింది.

ఎగిరే ముందు చూసుకోవాల్సినవి అతను నోటితోనే చూసుకునేవాడు. "కాళ్ల బెల్టులు, కాళ్ల బెల్టులు. నడుం బెల్టు. హెల్మెట్. దారాల్లో చిక్కు లేదు. గాలి ఎదురుగా ఉంది. ఆకాశం ఖాళీ." స్టాపుల పేర్లు పిలిచే గొంతుతో పిలిచేసరికి కొండ మీదున్నవాళ్లంతా ఉలిక్కిపడి ఎవరి బెల్టులు వాళ్లు తడుముకునేవారు. మొదట్లో అందరూ వెక్కిరించారు. ఒకసారి ఒక ఫొటోగ్రాఫరు, తన ఫొటోలు తనే తీసుకుంటూ వాలులో పరుగు మొదలుపెట్టాడు. కాళ్ల బెల్టులు రెండూ తోకల్లా వేలాడుతున్నాయి. అలాగే లేస్తే మనిషి రెక్క కింద వేలాడే కుర్చీలోంచి కిందికి జారిపోయేవాడు. కండక్టరు జేబులోంచి ఈల తీసి ఊదాడు. ఫొటోగ్రాఫరు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి బస్సులెక్కినవాడు, ఈల వినగానే ఠక్కున ఆగిపోయాడు. ఆ రోజు నుంచి కండక్టరు పిలవందే ఎవరూ కొండ దిగలేదు.

కొన్నాళ్లకి మేడం తన నారింజ రంగు పాత రెక్కని అతనికి ఇచ్చేసింది. ఇస్తూ జాగ్రత్తలు చెప్పింది. ఎండలో ఊరికే పడెయ్యకూడదు, ఎండ గుడ్డని తినేస్తుంది. నేల మీద ఈడవకూడదు. తడిగా మడిచి సంచిలో పెట్టకూడదు. మట్టి అంటితే ఉత్త మంచినీళ్లు, మెత్తటి స్పాంజి, నీడలో ఆరబెట్టడం, అంతే. కండక్టరు ఆ రెక్కని కంటికి రెప్పలా చూసుకున్నాడు. పడగ్గదిలో గాలి ఆడే మూల దానికిచ్చి, అక్కడున్న తన బట్టల స్టాండుని వంటింట్లోకి మార్చాడు. కళ్లజోళ్ల షాపులో పనిచేసే అతని భార్య, యూనిఫామ్ చొక్కాకి తాలింపు వాసనొస్తోందని అతనే మొత్తుకున్నప్పుడు, "రెక్కకి రాలేదు కదా, సంతోషించండి," అంది.

ఆ ఇంట్లో అత్తగారు కూడా ఉండేది. ఆవిడకి శుభ్రం పిచ్చి. ఉతికినదాన్ని ఆరేసి, ఆరినదాన్ని చూసి, నచ్చక మళ్లీ ఉతికే మనిషి. ఇంటికొచ్చినవాళ్లు కాస్త ఎక్కువసేపు కూర్చుంటే చొక్కా విప్పి ఇమ్మంటుందేమోనని భయపడేవారు. అల్లుడి రెక్క మీద ఆవిడ కన్ను మొదటిరోజే పడింది.

ఒక సాయంత్రం కండక్టరు దిగాల్సిన మైదానం దాటి బురద కాలవలో దిగాడు. మనిషికి ఏమీ కాలేదు, రెక్క సగం నల్లబడింది. ఇంటికి తెచ్చి, నీడగా ఉన్న వసారాలో వదులుగా వేలాడదీశాడు.

"అత్తయ్యా, రేపు డ్యూటీ దిగి వచ్చి నేనే కడుగుతాను. దయచేసి దీన్ని ముట్టుకోకండి."

"అలాగే అల్లుడుగారూ," అందావిడ, బురద వైపే చూస్తూ.

మర్నాడు మధ్యాహ్నం అతను వీధి మలుపు తిరిగేసరికి, తమ డాబా మీద నారింజ రంగుది ఏదో ఉబ్బుతూ, మళ్లీ సర్దుకుంటూ కనిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

డాబా అంతా సబ్బు నురగ. రెక్క బట్టలు ఆరేసే తీగ మీద క్లిప్పులతో వేలాడుతోంది. అత్తగారు ప్లాస్టిక్ టబ్బు పక్కన పీట వేసుకుని దారాలు తోముతోంది. పట్టీలు నేలకి తగిలి మురికవుతాయని వాటిని చేతిసంచుల్లా రెండు మోచేతులకి తగిలించుకుంది. సెలవులో ఉన్న భార్య కూడా అప్పుడే పైకొచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

కండక్టరు నోరు తెరిచేలోగా గాలి వీచింది. క్లిప్పులు టపటపా ఎగిరిపోయాయి. రెక్క నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకుని, డాబా మీద నిండుగా లేచి నిలబడింది. అది గుంజిన గుంజుడికి అత్తగారు పీట మీంచి లేచి టబ్బులో కూలబడింది. టబ్బు నురగ మీద జర్రున బయల్దేరింది.

"అల్లుడుగారూ, ఇది నన్నెక్కడికో తీసుకుపోతోంది," అందావిడ, తప్పు బస్సెక్కిన ప్రయాణికురాలిలా.

"పట్టీలు వదిలెయ్యండి అత్తయ్యా."

"వదిలితే కిందపడి మళ్లీ మట్టి అంటుకోదూ?"

టబ్బు నీళ్ల ట్యాంకుని చుట్టి పిట్టగోడ వైపు తిరిగింది. కండక్టరు వెంటపడ్డాడు. కాలు జారి కూర్చుని, కూర్చునే జారుతూ ఆవిడతో సమానంగా వచ్చాడు. ఒక చేత్తో టబ్బు అంచు పట్టుకున్నాడు.

"చేతుల దగ్గర రెండు నల్ల పిడులున్నాయి, అవి బ్రేకులు. రెండూ పట్టుకుని కిందికి లాగండి. ఇంకా. నడుం దాకా. వదలకండి."

అత్తగారు దుప్పట్లు పిండిన చేతులతో లాగింది. రెక్క ఒక్క క్షణం ఇంకా గట్టిగా గుంజి, తర్వాత ఊపిరి వదిలేసి, మెట్ల దగ్గరున్న భార్యతో సహా ముగ్గురి మీదా దబ్బున పడింది.

"అమ్మా, ఏదో వాసనొస్తోంది. గంజి పెట్టావా?" అంది భార్య గుడ్డ కింది చీకట్లోంచి.

"కొంచెం. గుడ్డ మరీ మెత్తగా ఉంది, నిలబడట్లేదు. ఇస్త్రీ కూడా చేస్తే కాగితంలా ఉంటుంది."

కండక్టరు రెక్క కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, గోడ పక్కన అప్పటికే వేడెక్కుతున్న ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేశాడు. ముట్టుకోవద్దన్నాను కదా అని అడిగితే, మొహమాటానికి అన్నారనుకున్నానంది అత్తగారు. అతను అరవలేదు. ఆ రోజంతా అసలు మాట్లాడలేదు. రోజంతా గొంతు చించుకునే మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఎంత బోసిపోతుందో ఆ ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఆదివారం రెక్కని కొండకి మోసుకెళ్లాడు. మేడం ముట్టుకుని చూసింది. సంచిలోంచి తీస్తుంటే అప్పడంలా పటపటలాడింది. గుడ్డలోంచి గాలి ఎంత త్వరగా జారిపోతుందో కొలిచే చిన్న పరికరం ఆమె దగ్గరుంది. దాన్ని గుడ్డకి బిగించి చాలాసేపు చూసింది.

"చుక్క గాలి పోవట్లేదు. దీని లెక్క ప్రకారం ఈ రెక్క ఎంత కొత్తదంటే, ఇంకా తయారే అవలేదు."

కండక్టరు మొహం వెలిగింది. "అంటే గంజి మంచిదేనా మేడం?"

"గంజి రంధ్రాల్ని మూసింది, అంతే. దీన్ని నమ్మి ఎగరకూడదు, పైగా గంజి తినడానికి ఎలకలూ బొద్దింకలూ కూడా టిక్కెట్టు అడుగుతాయి. మంచినీళ్లతో గంజంతా పోగొట్టి, నీడలో ఆరబెట్టి తీసుకురా. అప్పుడు నిజం చెబుతుంది."

గంజి పోయాక మళ్లీ కొలిస్తే గుడ్డలోంచి గాలి జల్లెడలోంచి జారినట్టు జారిపోయింది. మేడం ఒక దారం విప్పి బరువు కట్టి లాగితే, మొయ్యాల్సినదానికన్నా చాలా తక్కువ బరువుకే తెగింది. దారాల కొలతలు కూడా అటూ ఇటూ అయ్యాయి.

"ఇది ఇంక ఎగరకూడదు," అంది. "నేల మీద సాధన చేసుకోవడానికి ఉంచుకో."

"ఒక్కసారి, ఆఖరిసారి మేడం. చిన్న ఎత్తు నుంచే."

"రెక్కకి ఆఖరిసారి ఎప్పుడో అయిపోయింది. నీక్కూడా అవ్వాలా?"

కండక్టరు తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చోవడం కూడా రుచించలేదు.

తర్వాతి ఆదివారం అతను బయల్దేరుతుంటే, అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనేం పాడుచేశానో నాక్కూడా చూపించండి," అంది. క్షమాపణకి అంతకన్నా దగ్గరగా ఆవిడ ఎన్నడూ రాలేదని కూతురికి తెలుసు.

మైదానంలో మేడం పాత రెక్క పరిచి, గుడ్డ మీది సన్నటి పూత గురించి చెప్పింది. గాలిని పట్టి ఉంచేది ఆ పూతేననీ, సబ్బూ ఎండా రుద్దుడూ దాన్ని తినేస్తాయనీ చెప్పింది. అత్తగారు శ్రద్ధగా విని, "ఉతక్కూడని గుడ్డ కనిపెట్టినవాడు ఒంటరివాడై ఉంటాడు," అంది. తర్వాత, గాలి మెత్తగా ఉందని మేడం చెప్పాక, హెల్మెట్ పెట్టుకుని పట్టీలు పట్టుకుంది. గాలికి ఎగిరే దుప్పట్లని లొంగదీసుకోవడం ఆవిడ జీవితాంతం చేసిన పని. రెక్క పక్కకి ఒరిగితే తనూ ఆ పక్కకే నడిచింది, ఎక్కువ లేస్తే బ్రేకు లాగింది. అల్లుడికి నెలలు పట్టిన పని ఆవిడ టీ వేళకి నేర్చేసుకుంది.

"మీ అత్తగారికి నేర్పింది నువ్వేనా?" అడిగింది మేడం.

"డాబా మీద, టబ్బులో," అన్నాడు కండక్టరు. చాలా రోజులకి నవ్వాడు.

అప్పట్నుంచి ఆదివారాలు ఇద్దరూ కలిసే వెళ్లేవారు. మేడం శిష్యుల కోసం ఉంచే రెక్కల్లో ఒకటి అతనికి ఎగరడానికి దొరికింది. ఎవరైనా బూట్లతో రెక్క మీద నడిచినా, మంచుకి తడిసినదాన్ని అలాగే మడిచినా అత్తగారు ఒంటికాలి మీద లేచేది. ఫొటోగ్రాఫరు ఆవిడ కంటపడకుండా అవతలి వాలులో తన రెక్క మడుచుకునేవాడు.

చివరికి ఆవిడ కూడా పైకెళ్లింది. ఇద్దరు కూర్చునే పెద్ద రెక్క కింద, మేడం వెనక, ఆవిడ ముందు. తమ డాబా పైనుంచి ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ కోరిక. బాగా పరిగెత్తింది, బాగా లేచింది. ఎత్తుకి చేరాక మేడం ఊరివైపు తిప్పి, "అదుగో అమ్మా, మీ వీధి," అంది. వంగి చూస్తే ఆవిడ గాఢంగా నిద్రపోతోంది.

దిగేముందు మేడం గట్టిగా పిలిస్తే కళ్లు తెరిచింది. "నిద్రేంటి, కళ్లు మూసుకుని గాలి పీలుస్తున్నా," అంది. డాబా చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకోసారి తీసుకెళ్లమంది. అప్పటికి గడ్డి పడుకునేంత గాలి లేచింది. మేడం ముక్కు పైకెత్తి వాసన చూసి, వద్దంది. కండక్టరు కూడా వద్దన్నాడు. అత్తగారు మూతి ముడుచుకుని పెద్ద రెక్క ఒక అంచు పట్టుకుంది, అతను రెండో అంచు పట్టుకున్నాడు. ఎటునుంచి మడవాలన్న దాని మీద ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు.

తర్వాతి వారం ఆవిడ మెలకువగానే ఎగిరింది. ఇంటికొచ్చాక కూతురు అడిగింది, డాబా కనిపించిందా అని.

"కనిపించింది," అంది అత్తగారు, పాదాలు కడుక్కుంటూ. "మనది బాగానే ఉంది. ఎదురింటివాళ్లదే, ఆ మురికి చూడలేకపోయాను. రేపొకసారి వెళ్లి చెప్పాలి."