ముందు బెంచీలు

డ్రమ్‌రీన్ చర్చిలో ముందు బెంచీల మీద ఎవరూ కూర్చోరు. అలా కూర్చోవడం గొప్పకు పోవడమని మేయో జిల్లా పల్లెల్లో ఒక పట్టింపు. ఆడవాళ్లు వెనక సగంలో సర్దుకుంటారు. మగవాళ్లు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడే పూజ కానిస్తారు. ముప్పయ్యేళ్లుగా ఆ చర్చి తలుపులు తీసి, కొవ్వొత్తులు వెలిగిస్తున్న అట్రాక్టా గిల్‌మార్టిన్‌కు ఇందులో వింతేమీ కనిపించలేదు, పత్రికలో ఆ ఫొటో పడేదాకా.

జిల్లా పత్రిక విలేఖరి డివేన్ దాన్ని బలిపీఠం పక్క నుంచి తీశాడు. ముందంతా ఖాళీ బెంచీలు. జనం ఎక్కడో వెనక, మసకమసకగా. కింద ‘దేవుడొక్కడే మిగిలాడు’ అని రాశాడు. ఆ వారమే బిషప్పు ఉత్తరం వచ్చింది: ఇంత తక్కువ మందికి ఆదివారం పూజ కొనసాగించలేం, చెప్పుకునేదేమైనా ఉంటే ఈస్టర్‌లోగా చెప్పండి.

ఇదంతా పత్రికా బిషప్పూ కూడబలుక్కుని చేసిన పనే అనుకుంది అట్రాక్టా. నిజానికి, ఫాదర్ల పాత పాపాలు పత్రికలు బయటపెట్టిన రోజుల్లోనూ ఆమె అదంతా కుట్రే అనుకుంది. తర్వాత అవి నిజమని తేలాయి. అప్పటి నుంచి వాటిని అమ్ముకున్న పత్రికనూ నమ్మలేదు, దాచిపెట్టిన బిషప్పునూ నమ్మలేదు.

డివేన్‌కు ఫోన్ చేసింది. “ఆదివారం మళ్లీ రావయ్యా. ఈసారి కళ్లు తెరిచి తియ్యి.”

ఆదివారం అందరినీ ముందుకు తరమడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గరి గుంపుకు పెద్ద, గొర్రెల మలకీ, ససేమిరా అన్నాడు.

“ఏం తల్లీ, నన్ను పునీతుణ్ణి చేద్దామనా? అక్కడ కూర్చుంటే ఊరంతా నా మెడ చూస్తుంది.”

“నీ మెడ చూసేవాళ్లుంటే కదా బెంగ! నడువు, పెద్దమనిషీ.”

గొణుక్కుంటూ కదిలారు. డివేన్‌తో పాటు బలిపీఠం పక్కకు వెళ్లి, ఆమె వెనక్కి తిరిగి చూసింది. నాలుగు వరుసలు కిక్కిరిసిపోయాయి. ఐదో వరుస నుంచి గుమ్మం దాకా ఒక్క తల లేదు. గుమ్మంలో అంత గుంపుగా కనిపించినవాళ్లు లెక్కపెడితే తొమ్మిదిమందే.

డివేన్ కెమెరా దించాడు. “ఎక్కడిదాకా తియ్యమంటారమ్మా?”

ఆమె గొంతు తగ్గించింది. “నాలుగు వరుసలు చాలు. ఆ వెనకదంతా ఎందుకు?”

“అలాగే.”

అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకు గుచ్చుకుంది.

“అదేమిటి, వెంటనే అలాగే అనేశావు?”

“‘మళ్లీ నిండిన చర్చి’ అని వేస్తాం. పోయిన వారం ఖాళీ చర్చిని చదివారు, ఈ వారం ఇది చదువుతారు. మాకు రెండూ ఒకటే.”

“నీకు నమ్మకం ఉందా, లేదా?”

“దేని మీదమ్మా?” అన్నాడతను. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

ముందు వరుసలో మలకీ ముఖం మెడ దాకా ఎర్రబడి ఉంది. ఆమె మాట విని కూర్చున్నాడు పాపం. నాలుగు వరుసల ఫొటో బిషప్పుకు చేరితే పూజ నిలబడుతుంది. ఆమె ఊఁ అంటే చాలు.

“మొత్తం తియ్యి,” అంది అట్రాక్టా. “గుమ్మం దాకా.”

ఆ మాట అని నడవలోంచి వెళ్లి, ఐదో వరుసలో ఒక్కతే కూర్చుంది.