కోల్డ్ స్టోరేజీ చీటీ

ముప్పై ఎనిమిదో ఏట నాకు రెండోసారి ఐవీఎఫ్ మొదలైంది. ఈసారీ నిలవకపోతే ఇక మానుకోవడమే మంచిదని డాక్టరమ్మ ముందే చెప్పింది. రోజూ సాయంత్రం ఏడింటికి పొట్ట మీద ఇంజక్షన్. మందు చల్లగానే ఉండాలి, వేడెక్కితే పనికిరాదు. ఫ్రిజ్‌లో డబ్బా చూసి అత్త అడిగితే షుగరు మందన్నాను.

నాలుగో రోజు గాలివానకు ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు రోజులదాకా కరెంటు రాదన్నారు. ఏం చెయ్యాలో తోచక కోటయ్య స్వామి పటం ముందు నిలబడ్డాను. మా ఆయనకు అప్పుడే తట్టింది, మా మిరపకాయలు పెట్టిన కోల్డ్ స్టోరేజీ. అక్కడ జనరేటరుంది.

గేటు దగ్గర చీటీలు రాసే పెద్దాయన ఒప్పుకోలేదు. మిరపకాయల టిక్కీ బస్తాలు తప్ప ఇంకేదీ లోపలికి పోదన్నాడు. షుగరు మందని చెప్తే, దానికి ఇంత హడావిడేందన్నాడు. మా ఆయన తల దించుకుంటే నేనే చెప్పేశాను.

"షుగరు మందు కాదు బాబాయ్. పిల్లల కోసం. పెళ్ళై పదిహేనేళ్ళు."

బయటివాళ్ళతో ఆ మాట అనడం నాకదే మొదలు.

"ముందే చెప్పొద్దా అమ్మాయ్. ఊరికే నిలబెట్టా మిమ్మల్ని."

లాటు నంబరు లేకుండా ఏ సరుకూ లోపలికి పోకూడదు. ఆయన డబ్బా మీద ఎర్ర రంగుతో నంబరు వేసి చీటీ రాశాడు. సరుకు పేరు దగ్గర కాసేపు ఆగి, "మనది" అని రాసిచ్చాడు. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్న దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నేను, ఆ ఒక్క మాటా రెండుసార్లు చదువుకున్నాను.

ఆ రెండు సాయంత్రాలూ అక్కడి కాటా గదిలోనే ఇంజక్షన్. మిరప ఘాటుకు నేను తుమ్మగానే, ఒంటి తుమ్ము మంచిది కాదని మా ఆయన సూది వెనక్కి తీశాడు. వెంటనే ఇంకో ఆరు తుమ్ములు. గుమ్మం బయట అటు తిరిగి నిలబడ్డ పెద్దాయన, "ఇన్నొచ్చినాక శకునమేంది అల్లుడూ, తప్పు మిరపకాయలది. కానీయ్" అన్నాడు.

కరెంటొచ్చాక డబ్బా తెచ్చుకున్నాం. సరుకు తీసుకునేటప్పుడు చీటీ తిరిగివ్వాలి. ఆయన అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంటికొచ్చి అత్తకు నిజం చెప్పేశాను. ఆ రోజు నుంచి ఆమె ఏడు కాకముందే పొయ్యి కట్టేసి నా పక్కన వచ్చి కూర్చుంటోంది.

నిన్నటి స్కానులో అండాలు బాగా పెరుగుతున్నాయన్నారు. మిగిలింది స్వామి దయ. చీటీ ఆయన పటం వెనకే ఉంది. దీపం పెట్టినప్పుడల్లా తీసి ఒకసారి చదువుకుని, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.