నింపని ఇసుక సంచులు

మొన్న నెల్లూరులో కెమెరా సామాన్లు అమ్మే దుకాణంలో ఒక కొత్త ల్యాండింగ్ ప్యాడ్ సంచి జిప్పు తీయగానే రబ్బరు వాసన గుప్పుమంది. డ్రోన్ ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కింద పరిచే గుండ్రటి చాప లాంటిది అది. నేల మీది ఇసుక, దుమ్ము మోటార్లలోకి పోకుండా, కెమెరా అద్దానికి అంటకుండా కాపాడుతుంది. దుకాణంలోని అమ్మాయి రెండు రకాలు నా ముందు పెట్టి, నచ్చింది చూసుకోమని చెప్పి వేరే బేరానికి వెళ్లింది. నేను ఏదీ చూడలేదు. ఆ వాసనకు సలోమి అక్క గుర్తొచ్చి, జిప్పు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

సలోమి అక్క నాకు బంధువు కాదు, యజమాని. కోట అనే ఊళ్లో బస్టాండు దాటాక ఒక గదిలో రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసేది. గట్టు ఎక్కడ కుంగిందో, నీటి రంగు ఎక్కడ మారిందో పైనుంచి చూపిస్తే రైతులకు మేలని ఒక చిన్న డ్రోన్ కొని, దాన్ని నడపడానికి నన్ను పెట్టుకుంది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి, నాకు ముప్పై మూడు. గూడూరులో పెళ్లి వీడియోలు తీసి వచ్చినవాణ్ణి. నా అంత చెయ్యి తిరిగినవాడు ఈ చుట్టుపక్కల లేడని నా నమ్మకం.

చేరిన నెలలోనే ఆమె తీరు తెలిసింది. తోటపల్లి గూడూరు వైపు ఇద్దరు రైతుల నీళ్ల సీసాలు తారుమారై, ఒకరి ఫలితం ఇంకొకరికి రాసిచ్చింది. సాయంత్రం పుస్తకం తిరగేస్తూ తనే కనిపెట్టింది. ఫోన్ చేసి, సీసాల మీద చీటీలు ఊడిపోయాయని చెబితే సరిపోతుందని నేనన్నాను. ఆమె చేతులు కడుక్కుని, బస్సెక్కి వెళ్లి, ఇద్దరి గుంటల దగ్గరా నిలబడి తప్పు తనదని చెప్పి వచ్చింది. వాళ్లలో ఒకాయన మళ్లీ మా దగ్గరికి రాలేదు. అంత దూరం పోవాలా అని మర్నాడు అడిగితే, "ఫోన్లో అయితే మన మొహం వాళ్లకు కనపడదు. అది మనకు సులువు గదా" అన్నది. అప్పుడు నాకది చాదస్తంగా తోచింది.

మొదట్లో డ్రోన్‌ను గట్ల మీద ఉత్త నేలకే దించేవాణ్ణి. ఒకరోజు మోటారులో ఇసుక చేరి గరగరమన్నది. ఇక ప్యాడ్ లేనిదే ఎగరేయకూడదని చెప్పి, అక్క నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు వచ్చింది. దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి నారింజ రంగు పల్చటి గుడ్డ, అంచున స్ప్రింగు తీగ. రెండుసార్లు మెలిపెడితే పళ్లెమంత అయి చిన్న సంచిలో పడుతుంది. రెండోది దళసరి రబ్బరుది. మడత పెట్టినా చాపచుట్టంత ఉంటుంది, చేతికి బరువు. అక్క దుకాణదారును అడిగి టేబుల్ ఫ్యాను తెప్పించి, రెండింటినీ నేల మీద పరిచి, పైనుంచి గాలి పెట్టించింది. దుకాణంలో ఉన్నవాళ్లంతా మా వైపే చూస్తుంటే నాకు సిగ్గేసింది. పల్చటిదాని అంచు లేచి కొట్టుకుంది. రబ్బరుది కదల్లేదు.

ఆమె రబ్బరుదే తీసుకుందామన్నది. నాకది ఇష్టం లేదు. అంత చుట్టను బండికి కట్టుకుని ఊళ్ల వెంట తిరిగితే చాపలు అమ్ముకునేవాడిలా ఉంటానని నా బాధ. ఆ మాట చెప్పలేక, పల్చటిదానికి మేకులు ఇస్తారనీ, నేలలో దిగ్గొడితే కదలదనీ, ఈ పనిలో అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి నా మాట వినమనీ వాదించాను. ఆమె రబ్బరుదాన్ని మడిచి పక్కన పెట్టింది. "మోసేది నువ్వు. నీ ఇష్టం" అన్నది. తర్వాత, "సముద్రం ఇసుకలో మేకు నిలవదబ్బా. దానికేం చేస్తావు?" అని అడిగింది. నేను పల్చటిదానికే బిల్లు వేయించాను. వారం తిరక్కుండా ఆమే పాత గుడ్డతో నాలుగు చిన్న సంచులు కుట్టి తెచ్చింది. ఇసుక నింపి అంచుల మీద పెడితే ప్యాడ్ లేవదు. అవి డ్రోన్ పెట్టెలో అడుగు అరలో ఉండేవి. కొన్నాళ్లు నింపాను. తర్వాత ఆమె పక్కన ఉన్నప్పుడే నింపేవాణ్ణి.

అక్క వెళ్లే క్రైస్తవ సంఘంలో ఆదివారాలు హార్మోనియం వాయించేది ఆమే. ఆ ఏడు సముద్రం ఒడ్డున బాప్తిస్మాలు పెట్టుకుని, వీడియో తీయమని మమ్మల్ని అడిగారు. పొద్దున్నే వెళ్లాం. తెల్లబట్టల్లో జనం, పాటలు, తడి ఇసుక. నేను కొత్త చొక్కా వేసుకుని ఉన్నాను. అంతమంది ముందు గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా సంచుల్లోకి ఇసుక ఎత్తిపోయడానికి నామోషీ అనిపించింది. గాలి కూడా పెద్దగా లేదు. ప్యాడ్ పరిచి, అంచుల మీద నాలుగు దోసిళ్ల ఇసుక చల్లి, ఎగరేశాను.

దించే వేళకు గాలి తిరిగింది. డ్రోన్ మోకాలెత్తులోకి రాగానే ప్యాడ్ అంచు ఒక్కసారి లేచి రెక్కలకు చుట్టుకుంది. డ్రోన్ పల్టీ కొట్టి జనం వైపు దూసుకుపోయింది. అప్పుడే నీళ్లలోంచి వచ్చిన ఒక పిల్ల దానికి ఎదురుగా ఉంది. పక్కనున్న అక్క చెయ్యి అడ్డం పెట్టింది. రెక్కలు ఆమె కుడిచెయ్యి రెండు వేళ్లను కోశాయి. పిల్లకు ఏమీ కాలేదు.

ఎవరో తువ్వాలు చుట్టారు. అక్క మొహం పాలిపోయింది కానీ గొంతు మామూలుగానే ఉంది.

"సంచులు పెట్టినావా సుధాకర్?"

చుట్టూ అందరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"పెట్టినానక్కా" అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. సంఘం వ్యానులో ఆమెను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె పక్కనే డ్రోన్ పెట్టె కూడా ఎక్కించారు. నేను వెనక బండి మీద వెళ్లాను. చిటికెన వేలు బాగుపడింది. ఉంగరపు వేలిలో నరం తెగిందన్నారు. కుట్లు వేసినా ఆ వేలు మళ్లీ పూర్తిగా వంగలేదు.

తర్వాతి ఆదివారం, కట్టుతోనే ఆరాధనకు వెళ్తూ నన్నూ రమ్మన్నది. సంఘ పెద్ద దావీదుగారు ఆరాధన అయ్యాక అందరి ముందూ ఆ సంగతి ఎత్తారు. వీడియో అడిగితే పరిశుద్ధ కార్యంలోకి రెక్కల యంత్రాన్ని తెచ్చింది సలోమమ్మేననీ, ఒక బిడ్డ కన్ను పోయుంటే ఎవరు జవాబు చెప్పేవారనీ అడిగారు. ఆ మాటలో అన్యాయం లేదు, అది పడాల్సిన మనిషే మారింది. అక్క లేచి నిలబడి, "తప్పు నాదే. చూసుకోవాల్సింది నేను" అన్నది. నేను వెనక వరుసలో కూర్చుని నా కాళ్ల వైపు చూసుకున్నాను. ఆ తర్వాత హార్మోనియం దగ్గర వేరే ఆమె కూర్చునేది. వేలు వంగకపోవడం వల్లనేనని అక్క చెప్పేది. అదొక్కటే కారణమో కాదో నాకు తెలియదు.

అది జరిగాక ఇంకో రెండేళ్లు ఆమె దగ్గరే పనిచేశాను. ఒక్కనాడు కూడా నా మీద గొంతు పెంచలేదు. డ్రోన్ బాగుచేయించి మళ్లీ నా చేతికే ఇచ్చింది. ఒక మధ్యాహ్నం పరీక్ష చేస్తుండగా ఆమె చేతిలోంచి గాజు గొట్టం జారి పగిలింది. వంగని వేలి వైపు ఒకసారి చూసుకుని, చీపురు కోసం లేచింది. నేను ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని, ముక్కలు ఊడుస్తూ, తల ఎత్తకుండా చెప్పేశాను. ఆ రోజు సంచులు నింపలేదక్కా అని.

"తెలుసు" అన్నది. వ్యానులో గుడ్డ కోసం ఎడమచేత్తో పెట్టె వెతికితే, అడుగు అరలో సంచులు నాలుగూ పొడిగా, మడత పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట. అంటే ఆ ఆదివారం అందరి ముందూ నిలబడినప్పటికే ఆమెకు తెలుసు.

"మరి నన్నెందుకు అడగలేదక్కా?"

"అడిగితే ఇంకొకటి చెప్పుంటావు. దాన్ని నిలబెట్టను మరొకటి. నువ్వే వస్తావని చూసినాను." పరీక్షల పుస్తకం ముందుకు లాక్కుని, "నాకు చెప్పినావు, సరే. వాళ్లకు చెప్పలేదు గదా" అన్నది.

వచ్చే ఆదివారం సంఘంలో చెబుతానన్నాను. ఆ ఆదివారం తోటపల్లి గూడూరులో పని పెట్టుకున్నాను. తర్వాతి ఆదివారం జ్వరమన్నాను. మూడో ఆదివారం ఏ సాకూ చెప్పలేదు, వెళ్లలేదంతే. ఆమె గుర్తు చేయలేదు. నాలుగోది రాకముందే, ఒక తెల్లవారుజామున గుండె ఆగి, సలోమి అక్క నిద్రలోనే పోయింది.

ఆమె పోయాక సంఘంలో పెట్టిన ఆదరణ కూడికలో ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. తాము ఎంత అల్పులమో, అక్క తమను ఎలా భరించిందో చెప్పి ఏడ్చారు. చివర నేను లేచాను. సముద్రం దగ్గర జరిగింది నా తప్పనీ, ఆమెది కాదనీ, సంచులు నింపకుండా నింపానని అబద్ధమాడాననీ, ఈ సంఘంలో ఆమె నా బదులు మాట పడుతుంటే కూర్చుని విన్నాననీ చెప్పాను. ఏదీ దాచలేదు. కూర్చునేసరికి ముందు వరుసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. దావీదుగారు వచ్చి నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరారు.

"మంచి సాక్ష్యం చెప్పినావు తమ్ముడూ. ఆమె తగ్గింపు, ఆ వినయం నీకూ వచ్చింది" అన్నారు.

అది తగ్గింపు కాదండీ, జరిగిందే అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు, ఇంకెవరో కుర్చీ వేశారు. కూర్చున్నాను, టీ తాగాను.

ఆమె బతికుండగా ఆ మాట చెప్పుంటే, అక్కడ ఒక్కరైనా నా మీద కోపగించుకునేవారు. ఆమెకు పడిన మాట ఆమె చూస్తుండగా వెనక్కి పోయేది. ఆ కోపం పడాల్సినవాణ్ణి, మెప్పు తీసుకుని ఇంటికొచ్చాను. ఇప్పటికీ కోటలో దావీదుగారు ఎదురైతే ముందుగా ఆయనే చెయ్యెత్తి పలకరిస్తారు. పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి, నిజం చెప్పే మనిషి అంటారు. నేను బండి దిగి నమస్కారం పెడతాను. ఆయన మొహంలోకి మాత్రం చూడలేను.