శనివారం రైల్లో తీర్థం

1984 అక్టోబరు. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఆస్పత్రిలో, ఎమర్జెన్సీ రూమ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఒకప్పుడు కలప మోసిన పాత బొగ్గు ఇంజను రైలుని మా ఊరి నుంచి కొండ మీదికి సరదా ప్రయాణాలకి నడిపేవారు. ఆకులు రంగు మారే ఆ కొద్ది వారాలూ జనం విరగబడేవారు. అందుకని శని, ఆదివారాల్లో రైల్లో ఒక నర్సుని ఉంచమని మా ఆస్పత్రిని అడిగేవారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. ఆ డ్యూటీలో పెద్ద పనేమీ ఉండదు. కిటికీలోంచి తల బయటపెట్టినవాళ్ళ కళ్ళలో బొగ్గు నలుసు పడుతుంది, అది తీయాలి. మలుపుల్లో పిల్లలకి వాంతులొస్తాయి, సంచి అందించాలి. మిగతా సమయమంతా ఎర్రటి మేపుల్ చెట్లు చూస్తూ జీతం తీసుకోవచ్చు.

ఆ శనివారం రెండో పెట్టెలో చీర కనిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నెలల తరబడి తెలుగు మాట చెవిన పడని రోజులవి. నేతచీర మీద మగవాళ్ళ కోటు, తల మీద ఊలు టోపీ, కాళ్ళకి మందపాటి మేజోళ్ళు. ఆవిడ పేరు సుభద్రమ్మగారు. పక్క రాష్ట్రం వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉండే కూతురు విజయ, ఆకులు చూపిద్దామని తల్లిని డ్రైవ్ చేసుకుని తీసుకొచ్చింది. తిరుగుదారిలో తీరిగ్గా కబుర్లాడుకుందామని చెప్పి నా సీటుకి వెళ్ళిపోయాను.

రైలు సగం కొండ ఎక్కిందో లేదో విజయ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"సిస్టర్, అమ్మ ఏదోలా ఉంది. చలికి వణుకుతోందేమో అనుకున్నా. ఇప్పుడేమో నన్నే 'ఎవరు నువ్వు' అంటోంది!"

వెళ్ళి చూస్తే ఆవిడ ఒళ్ళంతా చెమట. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. నాడి పరుగులు పెడుతోంది.

"అమ్మగారికి షుగర్ ఉందా?"

"ఉందండీ. ఇక్కడికొచ్చాకే డాక్టర్ కొత్త టాబ్లెట్ స్టార్ట్ చేశారు. ఒక్కరోజు కూడా మిస్ చేయొద్దన్నారు. పొద్దున నేనే గుర్తుచేసి వేయించాను."

"తర్వాత ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. శనివారం కదా, ఉపవాసం. ఇంక రాత్రికే ఫలహారం."

సంగతి అర్థమైంది. పాపం, ఆవిడ డాక్టర్ మాటా తీసెయ్యలేదు, దేవుడి మాటా తీసెయ్యలేదు. ఇద్దరికీ మధ్య తానే నలిగిపోయింది. తిండి లేకుండా ఆ టాబ్లెట్ పడితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. దాన్నే హైపోగ్లైసీమియా అంటాం. మొదట చెమట, వణుకు, తర్వాత మతిలేని మాటలు, ఆ తర్వాత ఫిట్స్, స్పృహ తప్పడం. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లూకోజు నరంలోకి ఎక్కించాలి. నా సంచిలో ఉన్నవి కట్టుగుడ్డలు, బీపీ మిషను, కళ్ళలో వేసే చుక్కలు.

మా కండక్టర్ వాల్టర్ ముసలాయన వచ్చి, "రైలు ఆపించనా?" అన్నాడు. ఆపితే చుట్టూ అడవి, రోడ్డు కూడా లేదు. పైన స్టేషన్‌కి అంబులెన్స్ పిలిపించి, రైలుని నడవనిమ్మన్నాను. ఆయన రేడియోకోసం పరిగెత్తాడు.

తినుబండారాలమ్మే పెట్టె, స్నాక్ కార్‌లోంచి ఆరెంజ్ జ్యూస్ తెప్పించి పెదాలకి ఆనించాను. ఆవిడ మొహం తిప్పేసుకున్నారు. "అమ్మా, తాగమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని విజయ ఏడుస్తోంది. "శనివారం... శనివారం" అని గొణిగి ఆవిడ పళ్ళు బిగించేశారు. కన్నకూతురిని మర్చిపోయిన మనిషి వారాన్ని మాత్రం మర్చిపోలేదు! కనురెప్పలు వాలిపోతున్నాయి. నాకు భయమేసింది.

అప్పుడు గుంటూరులో నేను ట్రైనింగ్ చేసిన సర్జికల్ వార్డు గుర్తొచ్చింది. ఆపరేషన్‌కి ముందు రోగిని ఎన్‌పీవో అని ఉంచుతాం, అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. పొద్దున్నే అడిగితే అందరూ ఒట్టేసి మరీ ఏమీ ముట్టలేదనేవారు. కాస్త గుచ్చి అడిగితే, "తీర్థం పుచ్చుకున్నామమ్మా, అది తినడం కిందకొస్తుందా?" అనేవారు. మా సర్జన్ చిందులు తొక్కేవారు. రోగుల తీర్థానికి తిట్లు మాత్రం మాకు పడేవి.

స్నాక్ కార్‌లో మేపుల్ సిరప్ చిన్న సీసాల్లో అమ్ముతారు. మేపుల్ చెట్ల రసం కాచి చేసే పాకం అది. ఒక సీసా మూత తిప్పి, చెంచా పట్టుకుని, ఆవిడ చెవి దగ్గర గట్టిగా అన్నాను.

"సుభద్రమ్మగారూ, తీర్థం పుచ్చుకోండి!"

కళ్ళు పూర్తిగా తెరవనేలేదు. వణుకుతూనే కుడిచెయ్యి ముందుకొచ్చింది. ఎడమచెయ్యి వెతుక్కుంటూ దాని కిందికి చేరింది. అరచేయి గుంటలా ముడుచుకుంది. నేను చెంచాడు పోశాను. ఆవిడ నోట్లో వేసుకుని చక్కగా మింగారు. మళ్ళీ తీర్థం అన్నాను, మళ్ళీ చెయ్యి చాచారు. ఏ గుళ్ళోనూ ఎవరికీ అంత తీర్థం పోసి ఉండరు. సీసా సగానికి దిగేసరికి చెమట తగ్గింది. ఇంకాస్త దిగాక ఆవిడ కళ్ళు విప్పి, "విజయా, ఎందుకే ఆ ఏడుపు?" అన్నారు.

విజయ తల్లిని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఎదురు సీట్లో కూలబడ్డాను. వాల్టర్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

కానీ గండం పూర్తిగా గడవలేదు. ఆ టాబ్లెట్ ప్రభావం రోజంతా ఉంటుంది. కడుపులో తిండి పడకపోతే చక్కెర మళ్ళీ పడిపోతుంది. ఆ మాట ఎలా ఎత్తాలా అని చూస్తుంటే ఆవిడే అడిగారు.

"ఇది ఏ గుడి తీర్థమమ్మా? ఇంత తియ్యగా ఉంది."

మరో అబద్ధం ఆడితే సరిపోయేది. ఆ మొహం చూస్తూ ఆడలేకపోయాను.

"గుడిది కాదండీ. ఆ కిటికీలో కనబడుతున్నాయే, ఆ చెట్ల పాకం. నా పేరు మేరీ రత్నకుమారి. మీరు ఇప్పుడు ఏదైనా తినాలి, లేకపోతే మళ్ళీ ఇలాగే అవుతుంది."

ఆవిడ నావంక చూశారు. జిగురుగా ఉన్న అరచేతివంక చూశారు. కోటుకి తుడిచేసుకుంటారేమో, ఇక నా చేత్తో ఏమీ ముట్టరేమో అని నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ ఆ చేతిని, తీర్థం పుచ్చుకున్నాక అందరూ చేసేట్టే, నెమ్మదిగా తల మీద ఊలు టోపీకి రాసుకున్నారు.

"తీర్థమన్నావు, తీర్థంగానే పుచ్చుకున్నాను. ప్రసాదం కూడా నువ్వే పెట్టు తల్లీ."

స్నాక్ కార్‌లో దొరికిన బన్ను తుంచి ఒక్కొక్క ముక్కే ఆ చేతిలో పెట్టాను. మొత్తం తిన్నారు. పైన అంబులెన్స్ ఎక్కేటప్పటికి డ్రైవర్ని నవ్వుతూ పలకరించేంతగా తేరుకున్నారు. ఆ రాత్రికి ఆస్పత్రిలో ఉంచి, మర్నాడు ఇంటికి పంపించారు.

అప్పటినుంచి షుగర్ రోగులెవరొచ్చినా, మందు వేసుకున్నారా అని అడిగి ఊరుకోను, "మీరు ఏ రోజున తినరు?" అని కూడా అడుగుతాను. చర్చికెళ్ళే అమెరికన్ ముసలమ్మల్లోనూ ఉపవాసాలవాళ్ళు ఎందరున్నారో అప్పుడు తెలిసింది. ఎవరైనా వద్దని పళ్ళు బిగిస్తే ఇప్పుడు కోపం రాదు. ఏ మాటకి ఆ చెయ్యి ముందుకొస్తుందా అని వెతుకుతాను. ఆ రోజు ఆ మాట నాకు తట్టినందుకు, దాన్ని ఆవిడ మన్నించినందుకు, ఈనాటికీ నా మనసు తేలికగా ఉంటుంది.