తాడుకు చెయ్యేసినందుకు

మా ద్వీపాలకు శాసనసభ లేదు. రోడ్డు వేసేదీ, చెత్త ఎత్తించేదీ టౌను కౌన్సిలే కాబట్టి మా పాలిటికి అదే ప్రభుత్వం. అదీ రెండు పార్టీలు పొత్తు పెట్టుకుంటేనే నిలబడింది. అందులో చిన్న పార్టీ తరఫున మా తమ్ముడు కౌన్సిల్ మెంబరు. బీచిల్లో దొంగతనంగా ఇసుక తవ్వి అమ్ముకునే ముఠాను పెద్ద పార్టీ వెనకేసుకొస్తోందని, ఇక పొత్తులో ఉండలేమని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఆ ముఠా జోలికెళ్లిన ఒక డ్రైవరు కాలు విరగ్గొట్టిన సంగతి మా పేట జంగ్లీఘాట్‌లో అందరికీ తెలుసు. తమ్ముడు వచ్చి చెప్పగానే వాడి నోట్లో బెల్లంముక్క పెట్టింది నేనే.

మర్నాడు నా టిఫిన్ బండి దగ్గర దోసె వేస్తుంటే పక్క కొట్టావిడ ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. అందులో తమ్ముడు విలేకరుల ముందు, ఇసుక ముఠా ఇదేనంటూ ఒక ఫోటో ఎత్తి పట్టుకున్నాడు. ఇసుక బస్తాలున్న చిన్న పడవని, డింగీని, నలుగురు ఒడ్డుకు లాగుతున్నారు. అందులో రెండో మనిషి మా ఆయన.

"దీదీ, ఈయన మీ ఆయనే కదూ?" అంది.

దోసె మాడిపోయింది. పెనం గీకి ఇంకోటి పోశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. డింగీ వచ్చి "చెయ్యెయ్యండ్రా" అని కేక పడితే, చేతిలో ఉన్నది పడేసి పోయి తాడు పట్టుకోవాలి. ఎవరిదని అడక్కూడదు. లాగాక కూరకని రెండు చేపలు చేతిలో పెడతారు. మా తాతలు ఆంధ్రా నుంచి వస్తూ తెచ్చుకున్న అలవాటది. మా ఆయన ఒక కంట్రాక్టరు బోటులో లస్కరు, జెట్టీలో తాళ్లు కట్టే పని. డ్యూటీకి పోతూ కేక వినబడితే వెళ్లి పట్టాడు. టార్పాలిన్ కింద బస్తాలు సగం లాగాక కనబడ్డాయట.

"కనబడ్డాక వదిలేసి రావచ్చు కదా?" అన్నాను.

"సగంలో వదిలితే డింగీ ఎనక్కెళ్లి మనుషుల మీద పడిపోద్దే," అన్నాడు. ఆయన బుర్ర అంతే. అటు తిరిగి చొక్కా ఉతుక్కున్నాడు.

సాయంత్రానికి కంట్రాక్టరు కబురు పెట్టాడు. "నీ పేరు సాఫ్ అయ్యాక రా భయ్యా, అప్పటిదాకా వద్దు." ఆ పేరు సాఫ్ చెయ్యాలంటే మా తమ్ముడు ఒక్క మాట చెబితే చాలు. నేను బస్సెక్కి ఆస్టినాబాద్‌లో వాడింటికి వెళ్లాను.

"బావని గుర్తుపట్టలేదేట్రా?"

వాడు చెప్పుల వంక చూసుకున్నాడు. "పట్టాను అక్కా. బావని కట్ చేసెయ్యమన్నాను. కట్ చేస్తే ఫోటో దొంగదంటారని మావోళ్లు వద్దన్నారు."

"అయితే మైకులో చెప్పు. దారిన పోతూ చెయ్యేశాడని."

"ఇప్పుడు చెప్తే మిగతా ముగ్గురూ అదే పాట పాడతారు. పొత్తులోంచి బయటికొచ్చీనాక చెప్తాను. నీ మీదొట్టు."

చిన్నప్పుడు నా పిప్పరమెంట్లు దొంగిలించి కూడా నా మీదే ఒట్టేసేవాడు, వెధవ. అక్కడే వాడి చెంప ఛెళ్లుమనిపించాలి. వాడి భార్య టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

తరవాతి వారం తమ్ముడి పార్టీవాళ్లు మద్దతు ఉపసంహరించుకున్నారు. నా బండి ఎదురుగానే సభ పెట్టారు, టపాకాయలు కాల్చారు. వినబడదేమోనని స్టవ్ ఆపేసి నిలబడ్డాను. తమ్ముడు ఇసుక గురించి చెప్పాడు, గుడ్లు పెట్టే చోటు లేని తాబేళ్ల గురించి చెప్పాడు, డ్రైవరు కాలు గురించి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. వాడు దండలు తీసేసి కారెక్కాడు. బావ మాట రాలేదు. ఏడుపొస్తుందనుకున్నాను, అదీ రాలేదు. స్టవ్ వెలిగించుకున్నాను.

నెల తిరక్కుండానే ఇంకో పొత్తు కుదిరింది. తమ్ముడికి ఏదో కమిటీ పదవి వచ్చింది. కొన్నాళ్లు ఆగిన ఇసుక లారీలు మళ్లీ తిరుగుతున్నాయి. ఫోను చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అంటాడు. స్వీటు డబ్బా పంపించాడు. ఒకటి తిన్నాను, తియ్యగానే ఉంది.

మొన్న ఆదివారం పొద్దున ఒడ్డుకు వెళ్లాం. మా ఆయన గోడ మీద కూర్చున్నాడు. ఒక డింగీ వచ్చింది, "చెయ్యెయ్యండ్రా" అని కేక పడింది. జనం పరిగెత్తారు. ఈయనా లేచాడు. రెండడుగులు వేసి ఆగి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, అది ఎవరి డింగీయో చూశాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా చూడటం నేను చూడలేదు. అది మా పక్కింటాయన డింగీ. ఈయన పోల్చుకునేసరికి లాగడం అయిపోయింది. పక్కింటాయన అందరికీ చేపలు పంచుతూ, ఈయన ఖాళీ చేతుల వంక ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

"పద," అన్నాడు మా ఆయన.

ఇంటికొచ్చి పప్పు వండాను.